సమస్య: బొగ్గు లేకుండఁ గొలిమిలోఁ బుట్టె నుక్కు

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ అనే, మరుగుజ్జుల చేత కోట కట్టించే కంప్యూటర్ ఆట కొలిమిలోంచి తీశాను. ఆట 2006 నుంచీ ఉన్నా, 2022లో ఆటలమ్మే స్టీమ్ అంగడిలోకి వచ్చాక మన గుంపులో కోటలు కట్టేవాళ్ళు బాగా పెరిగారు. ఆట తెలియనివారూ పై మూడు పాదాలు అల్లి పూరించవచ్చు. అయితే లోహం సంగతి తప్పితే మాత్రం గణభంగం కింద లెక్కిస్తాను.

*బొగ్గు లేకుండఁ గొలిమిలోఁ బుట్టె నుక్కు*

పాతాళగంగ:
మొదటి పూరణ నాదే కావాలని పొద్దున్నే కూర్చున్నాను.

కొండ గర్భమ్ముఁ దొలిచిరి గుజ్జుదొరలు
అగ్గి యేఱది కనుపించె నడుగులోన
దానిపైఁ గట్ట నొక బట్టి తాప మెగసె
బొగ్గు లేకుండఁ గొలిమిలోఁ బుట్టె నుక్కు

ఆటలో మాగ్మా స్మెల్టర్‌కి, అంటే భూగర్భంలో కరిగిన రాతి వేడితో లోహం తీసే బట్టికి, వంటచెరకు అక్కర్లేదు కదా. సమస్య దానికోసమే పుట్టినట్టుంది.

నిర్వాహకుడు:
"గుజ్జుదొరలు" చాలా బాగుంది. ఇకమీద మరుగుజ్జులకి ఇక్కడ అదే పేరు.

గనికాపు:
పద్యం నడక బాగుంది, ఒప్పుకుంటాను. కానీ గంగ గారూ, మీ బట్టిలో ఉక్కు పుట్టదు. మాగ్మా ఇచ్చేది వేడి మాత్రమే. ఉక్కుకి బొగ్గు పొయ్యి కింద పెట్టేది కాదు, సరుకులో కలిపేది. ముందు ఇనుప దిమ్మె, సున్నపురాయి, బొగ్గు కలిపి పిగ్ ఐరన్ అనే ముతక ఇనుము తియ్యాలి. తర్వాత ఆ పిగ్ ఐరన్‌కి ఇంకో ఇనుప దిమ్మె, ఇంకో సున్నపురాయి, ఇంకో బొగ్గు కలిపితే రెండు ఉక్కు దిమ్మెలు. మామూలు కొలిమి అయితే ఈ రెండు మెట్లకీ మంట కోసం మరో రెండు బొగ్గులు పోతాయి. మాగ్మా మీద ఆ రెండే మిగులుతాయి. కలపాల్సిన రెండూ కలపాల్సిందే. మీ పద్యంలో సమస్య సగమే తీరింది.

పాతాళగంగ:
సమస్యలో ఉన్నది "కొలిమిలో" అని. కొలిమి మంట గురించే నేను చెప్పాను.

గనికాపు:
"పుట్టె నుక్కు" అని కూడా ఉంది కదండీ. కర్బనం లేకుండా పుట్టేది ఇనుమే, ఉక్కు కాదు. నా పూరణ చూడండి.

సొంతపురినుండి బండ్లపై సొరిది వచ్చు
పాతకత్తులు కవచాలు బేరమాడి
కొనుచుఁ బాతాళవహ్నిలోఁ గూర్చి కరఁచ
బొగ్గు లేకుండఁ గొలిమిలోఁ బుట్టె నుక్కు

శరత్తులో మాతృకోట నుంచి బండ్లు వస్తాయి. ఉక్కు సామాన్లు కొని, కరిగించమని గుర్తుపెట్టి, మాగ్మా స్మెల్టర్‌కి పంపితే చాలు. మంటకీ బొగ్గు లేదు, సరుకులోనూ బొగ్గు లేదు. సమస్య పూర్తిగా తీరింది.

నిర్వాహకుడు:
ఊహ గట్టిది. రెండో పాదం మాత్రం ఆగిపోయింది. పాదం మొదటి పాకి యతి స్థానంలో బే ఎలా చెల్లుతుంది?

గనికాపు:
"బేరమాడి" అన్నది ఆ చోట పలుకుబడి అండీ. వర్తకుడితో చేసేది బేరమే.

మూసమాస్టారు:
నాయనా, పలుకుబడి ఎంత సొంపుగా ఉన్నా యతి తన చోట తను ఉండాలి. "పాతకత్తులు కవచాలు వర్తకమునఁ / గొనుచుఁ" అంటే భావం చెడదు, అందం కూడా పెరుగుతుంది. ఆటలో డబ్బు చేతులు మారదు, వస్తువుకి వస్తువే ఇస్తాం, కాబట్టి వర్తకమున అన్నదే సరిపోతుంది.

పాతాళగంగ:
యతి సంగతి మాస్టారు చెప్పారు, నేను భావం సంగతి చెబుతాను. కరిగించిన ఉక్కు పుట్టినట్టు కాదు, తిరిగొచ్చినట్టు. చిన్న సామాను కరిగిస్తే దిమ్మె వెంటనే రాదు కూడా. ముక్కలు ముక్కలుగా ఆ కొలిమి ఖాతాలో జమవుతూ, దిమ్మె నిండాకే బయటికొస్తుంది. దాన్ని పుట్టుక అనడం నాకు నచ్చలేదు. పైగా "పాతాళవహ్ని" అన్న సమాసం ఇదివరకు సీసపు లోహం మీద ఇచ్చిన సమస్యలో నేను వాడినది. గనికాపు గారికి అంతగా నచ్చినందుకు సంతోషం.

గనికాపు:
సీసం సమస్య ఎత్తారు కాబట్టి చెప్పాల్సిందే. "కరఁగి సీసమ్ము వెండిగాఁ గానుపించె" అన్నప్పుడు మీరు సీసమే వెండిగా మారినట్టు రాశారు. నా పూరణలో పాదం ఇది:

ఒక్క రాతికిఁ గవలుగా నుదయమయ్యె

ఆటలో గెలీనా అనే సీసపు ఖనిజపు రాయి కరిగిస్తే సీసం ఎప్పుడూ వస్తుంది, వెండి సగం సార్లు వస్తుంది. కవలలు కలిసి పుడతారు, ఒకరు ఇంకొకరిగా మారరు. ఆ రోజు మీకు మెచ్చుకోలు ఎక్కువ వచ్చిందని ఇప్పటికీ నాకు బాధే.

పాతాళగంగ:
సగం సార్లే వస్తే కవలలు ఎలా అవుతారు?

నిర్వాహకుడు:
"కవలు" పాదం బాగుందని ఆనాడే అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. సీసం సమస్య చర్చ దారం అక్కడే ఉంది, అక్కడికి వెళ్ళి రాయండి. ఇక్కడ ఉక్కు కావాలి.

పీపెరాయుడు:
నేను ఆట కొత్తగా మొదలుపెట్టాను. గుజ్జుదొరలకి మద్యం అందకపోతే పని మందగిస్తుందని మాత్రం బాగా తెలిసింది.

పీపె నిండుగ సారాయి పీల్చి వచ్చి
కొలిమి కాపరి కమ్మరి కూసె నిట్లు
వినిన వారెల్ల నవ్విరి విరుగఁబడుచు
బొగ్గు లేకుండఁ గొలిమిలోఁ బుట్టె నుక్కు

నిర్వాహకుడు:
ఛందస్సులో వంక లేదు తమ్ముడూ. "విరుగఁబడుచు" చదివి నేనూ నవ్వాను. కానీ అసంబద్ధమైన మాటని తాగినవాడి నోట పెట్టడం ఏ సమస్యకైనా పనికొచ్చే తాళంచెవి. ఈ సమస్యకే సరిపడే తాళంచెవి వెతుకు, నీకు ఆ శక్తి ఉంది.

కాటుకకలువ:
గనుల నెంతయు వెదకియుఁ గానలేక
కానఁ జెట్టులఁ బడఁగొట్టి కాల్చికాల్చి
కఱ్ఱబొగ్గుతో నినుమునుఁ గాచ, నేల
బొగ్గు లేకుండఁ గొలిమిలోఁ బుట్టె నుక్కు

మూసమాస్టారు:
అమ్మా! మూడో పాదం చివర "నేల" పెట్టి ఆపేశావు చూడు, అక్కడ పట్టింది నీ పద్యం. నేలబొగ్గు లేదు, కర్రబొగ్గు ఉంది. లోహమూ తప్పలేదు, సమస్యా తప్పలేదు. అందరూ బొగ్గుని పూర్తిగా తప్పించే దారి వెతికితే, నువ్వు బొగ్గుతోనే బొగ్గు లేకుండా చేశావు.

గనికాపు:
ఆట ప్రకారం కూడా పక్కా. నేలబొగ్గు కాల్చి తీసే కోకు, కర్రబొగ్గు రెండూ ఉక్కుకి ఒకేలా చెల్లుతాయి. లిగ్నైట్ కానీ బిట్యూమినస్ కానీ, ఏ రకం నేలబొగ్గూ లేని చోట కోట కట్టినవాళ్ళకి ఈ పద్యం గుండెకి తగులుతుంది.

పాతాళగంగ:
పద్యం బాగుంది కలువ గారూ, మనసారా చెబుతున్నాను. ఒక్క అనుమానం. "కాల్చికాల్చి" అన్న రెండోసారి పాదం నింపడానికి వచ్చినట్టు లేదూ?

కాటుకకలువ:
లేదండీ, అది లెక్క కోసం. బిట్యూమినస్ రాయి ఒక్కటి కాలిస్తే తొమ్మిది కోకు దిమ్మెలు, లిగ్నైట్‌కి ఐదు. చెట్టు దుంగ ఒక్కటి కాలిస్తే బొగ్గు ఒక్కటే. రెండు ఉక్కు దిమ్మెల సరుకుకే రెండు దుంగలు పోతాయి, మాగ్మా లేకపోతే మంటకి ఇంకో రెండు, ఖనిజం కరిగించడానికి ఇంకొకటి. ఒక దళానికి కవచాలు తొడిగేసరికి కోట చుట్టూ అడవి పలచబడుతుంది. చెట్లు ఇన్నే కొట్టమని హద్దు పెట్టడానికి ఆటలో అడవిని కాచే ఎల్ఫుల జాతి రాయబారి వచ్చి కూర్చుంటాడు. ఒక్క "కాల్చి" ఆ కష్టాన్ని మొయ్యదు.

పాతాళగంగ:
అయితే ఆ రెండు "కాల్చి"లూ ఉండాల్సిందే. ఇక అనుమానం లేదు.

మూసమాస్టారు:
గనికాపు ఇందాక చెప్పిన కర్బనం మాట మన నేలకి కొత్త కాదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో ఉక్కు చేసేవాళ్ళు మట్టి మూసలో ఇనుముతో పాటు కర్బనమిచ్చే సరుకు పెట్టి, మూత మెత్తి, గంటల తరబడి కాచేవారు. పారశీక వర్తకులు అంత దూరం వచ్చి కొనుక్కుపోయేవారు. ఆ ఉక్కులో కర్బనం ఇంచుమించు ఒకటిన్నర శాతం. సెగ ఎంత పెంచినా, మూసలో అది పడకపోతే వాళ్ళకీ ఉక్కు రాదు. ఆట రాసినవాళ్ళు బొగ్గుని సరుకుగా పెట్టడం అందుకే నాకు నచ్చుతుంది. కంచు దగ్గర మాత్రం రాగికి తగరం సరిసమానంగా కలిపించారు, అక్కడ నాకు పేచీ ఉంది. తగరం బాగా కలిసే గంటల కంచులోనే అది ఐదో వంతు దగ్గర ఉంటుంది. సగం పోస్తే గంట మోగడం అటుంచి, దెబ్బకే పగులుతుంది.

పీపెరాయుడు:
మాస్టారూ, మరి ఇత్తడి?

గనికాపు:
ఇత్తడి కూడా ఆటలో సగం సగమే తమ్ముడూ, రాగి ఒకటి, జింకు ఒకటి. అక్కడ లాభం ఉంది. రెండిటి విలువా రెండేసి, ఇత్తడిది ఏడు. కొత్త కోటకి మొదటి సరుకు అదే చేసుకో.

నిర్వాహకుడు:
ఈ వారం ఉత్తమ పూరణ కాటుకకలువ గారిది. "గుజ్జుదొరలు" అన్న మాటకి పాతాళగంగ గారికి ప్రత్యేక అభినందన. గనికాపు గారి పూరణ మాస్టారి సవరణతో భద్రపరుస్తున్నాను, "బేరమాడి"తో కాదు.

వచ్చే వారానికి:

*రాగి కలియఁగ బంగారు రాణకెక్కె*

గనికాపు:
మూడు పాళ్ళు బంగారం, ఒక పాలు రాగి కలిపితే రోజ్ గోల్డ్. బంగారం విలువ 30, రోజ్ గోల్డ్‌ది 23. విలువ దిగితే రాణకెక్కడం ఎలాగో చూడాలి. ఈసారి మొదటి పూరణ నాది.

పాతాళగంగ:
యతి చూసుకుని పెట్టండి.