ప్రెసిడెంట్ కూలిడ్జ్‌లో "లేడీ"ని చూడాలని ఉంది, 34 డైవ్‌ల అనుభవం సరిపోతుందా?

అలలమీద:
అందరికీ నమస్తే. పసిఫిక్ సముద్రంలోని వనువాటు దేశంలో ఎస్పిరిటు శాంటో దీవికి ఆరు రోజులు వెళ్తున్నాం, అక్కడ మునిగి ఉన్న ఎస్ఎస్ ప్రెసిడెంట్ కూలిడ్జ్ కోసమే ఈ ట్రిప్ అంతా. స్కూబా డైవింగ్‌లో అడ్వాన్స్‌డ్ ఓపెన్ వాటర్ అనే రెండో మెట్టు కోర్స్ అయింది, ఇప్పటికి 34 డైవ్‌లు, అన్నిటికంటే లోతు 28 మీటర్లు. ఓడ లోపల ఒక మహిళ, యూనికార్న్ ఉన్న పింగాణీ బొమ్మ ఉంటుందని, దాన్నే లేడీ అంటారని చదివినప్పటినుంచీ అది ఒక్కసారి కళ్ళతో చూడాలని మనసులో పడిపోయింది. అది దాదాపు 40 మీటర్ల దగ్గర ఉంటుందట. గైడ్ పక్కనే ఉంటాడు కదా ఏం కాదు అని మా ఫ్రెండ్ అంటున్నాడు, మా ఆవిడ మాత్రం ససేమిరా అంటోంది. వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి ప్లీజ్.

నీటిపిట్ట:
మీ ఆవిడ మాటే కరెక్ట్ అండి, కనీసం మొదటి మూడు రోజులకి.

ముందు గాలి లెక్క చూడండి. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ (గాలి ఒత్తిడి కొలత) ఉంటే 2400 లీటర్ల గాలి. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 40 మీటర్ల దగ్గర ఐదు రెట్లు పీలుస్తాడు, అంటే నిమిషానికి 100 లీటర్లు. మొత్తం కలిపి 24 నిమిషాలు. ఓడ లోపలికి వెళ్ళేటప్పుడు మూడో వంతు వెళ్ళడానికి, మూడో వంతు తిరిగి రావడానికి, మూడో వంతు ఎవరికైనా ఏదైనా అయితే అని పెట్టుకుంటాం కాబట్టి మీ చేతిలో నిజంగా ఉన్నది 8 నిమిషాలు, అందులో ఒడ్డునుంచి కిందికి దిగేటప్పుడు ఖర్చయింది ఇంకా తీయలేదు. కొత్త చోట కంగారులో 20 లీటర్లు కాస్తా 30 అయిపోతుంది. డెకో, అంటే పైకి వచ్చేటప్పుడు మధ్యలో తప్పనిసరిగా ఆగడం, లేకుండా ఆ లోతులో ఉండగలిగే టైమ్ కూడా పది నిమిషాలు ఉండదు.

ఇక నార్కోసిస్, అంటే లోతులో నైట్రోజన్ వల్ల మత్తెక్కినట్టు అవడం. నాకు 40 దగ్గర ఏమైందంటే, గాలి ఎంత మిగిలిందో చూపించే గేజ్ చూశా, 110 బార్. మళ్ళీ ముందుకి చూశా. ఇప్పుడే ఎంత చూశాను అనుకుంటే గుర్తు లేదు. మళ్ళీ చూశా, 110. ఇలా మూడుసార్లు. భయం కూడా వేయలేదు, అంతా బాగానే ఉందనిపించింది, అదే నాకు పైకి వచ్చాక ఎక్కువ భయం వేసిన విషయం.

మీ సర్టిఫికెట్‌కి 30 మీటర్లే లిమిట్. 40 దాకా వెళ్ళాలంటే డీప్ కోర్స్ ఉండాలి, లోపలికి వెళ్ళడానికి రెక్ (మునిగిన ఓడల) ట్రైనింగ్ వేరే. కుదిరితే అక్కడే డీప్ కోర్స్ చేసుకోండి, ఆరు రోజుల్లో టైమ్ ఉంది.

లోతుమనిషి:
నేను వెళ్ళొచ్చాను కాబట్టి రాస్తున్నా, కొంచెం పొడుగైతే ఏమనుకోకండి.

నీటిపిట్ట గారి లెక్క కరెక్టే కానీ చదివి భయపడి ట్రిప్ మాత్రం మానుకోకండి, ఎందుకంటే ఈ ఓడ పడుకున్న తీరే నేర్చుకునేవాళ్ళకి అనుకూలం. 199 మీటర్ల పొడవు, ఎడమ పక్కకి ఒరిగి వాలు మీద ఉంది, ముందు భాగం 20 మీటర్లలో, వెనక భాగం 70 దాకా. అంటే రోజుకి కొంచెం కొంచెం లోతుకి దిగుతూ చూడొచ్చు. పడవ కూడా అక్కర్లేదు, ఒడ్డునుంచి నడుచుకుంటూ నీళ్ళలోకి దిగి తాడు పట్టుకుని వెళ్ళిపోవడమే. పైకి వచ్చేటప్పుడు మధ్యలో ఆగే స్టాప్‌లు పగడాల తోట పక్కనే, చేపల్ని చూస్తూ నిలబడతాం, నేను వెళ్ళినప్పుడు అక్కడ అదనంగా ఒక సిలిండర్ కూడా వేలాడదీసి ఉంచారు.

మొదటి రోజు నన్ను ముందు భాగం, పైనుంచే ప్రొమెనేడ్ డెక్ (ప్రయాణికులు షికారు చేసే అంతస్తు) అంతే చూపించారు. అక్కడే రైఫిళ్ళు, హెల్మెట్లు, గ్యాస్ మాస్కులు. ఒక హెల్మెట్ లోపల చిన్న చేప కాపురం పెట్టింది. 1931లో నీళ్ళలోకి వచ్చిన లగ్జరీ ప్యాసింజర్ ఓడ ఇది, యుద్ధంలో సైనికుల్ని మోయడానికి మార్చారు, అందుకే ఒక పక్క మొజాయిక్ పలకల స్విమ్మింగ్ పూల్, ఇంకో పక్క జీపులు, ట్రక్కులు కనిపిస్తాయి. అవి చూస్తేనే కడుపు నిండిపోతుంది అండి.

లోపల మాత్రం వేరే లోకం. ఓడ పక్కకి పడుకుంది కాబట్టి నేల గోడ అయింది, గోడ నేల అయింది. తలుపు అంటే కింద గొయ్యి. టాయిలెట్లు వరసగా గోడలోంచి అడ్డంగా పొడుచుకుని వచ్చినట్టు ఉంటాయి, మెదడు ఒక్క క్షణం ఒప్పుకోదు. ఎటు పైకి అన్నది బుడగల్ని చూసి తెలుసుకోవాలి. వేరే చోట ఇంకో మునిగిన ఓడలో, 26 మీటర్లలోనే, నా ముందున్న మనిషి కాలికున్న ఫిన్ (ఈత రెక్క) ఒక్కసారి కిందికి కొట్టాడు, అంతే, బురద లేచి టార్చ్ వెలుగు నా మొహం ముందు పాలగ్లాసులా తెల్లగా నిలబడిపోయింది. దారి తప్పకుండా కట్టుకునే తాడు, లైన్, నా వేళ్ళ మధ్య ఉంది కాబట్టి దాన్నే తడుముకుంటూ బయటికి వచ్చా. అందుకే గైడ్ ఉన్నాడు కదా అన్న మాట నేను ఒప్పుకోను, ఆ మూడు నిమిషాలు గైడ్ ఎక్కడున్నాడో నాకు తెలియదు. వెళ్ళేలోపు కప్ప కాళ్ళలా పక్కకి తన్నే ఫ్రాగ్ కిక్ బాగా ప్రాక్టీస్ చేయండి, కదలకుండా ఒకే ఎత్తులో నిలబడటం రావాలి.

లేడీని నేను ఐదో రోజు చూశా. అప్పటికి నావి 140 డైవ్‌లు, డీప్ కోర్స్ అయింది.

రాగితీగ:
డైవింగ్ గురించి పైన ఇద్దరూ చెప్పారు, నేను ఆ ఓడ గురించి ఒక్కటి చెప్తా, దిగే ముందు ఇది తెలిసుండాలని నా కోరిక.

అది మునిగింది 1942 అక్టోబర్ 26న. ఓడ సొంతవాళ్ళే, అంటే అమెరికావాళ్ళే రేవుకి కాపలాగా పెట్టిన మైన్లు (నీళ్ళలో పేలే బాంబులు) రెండు తగిలాయి. ఎక్కడ మైన్లు ఉన్నాయో ఆ ఓడకి సరిగ్గా సమాచారం అందలేదు. కెప్టెన్ ఓడని తిన్నగా ఒడ్డున దిబ్బ మీదకి ఎక్కించేశాడు, దాంతో 5,340 మందిలో ఇద్దరు తప్ప అందరూ బతికారు. గంటన్నరలో ఓడ ఒరిగి జారిపోయింది. చనిపోయిన ఇద్దరిలో ఒకరు ఇంజన్ రూమ్‌లో పనిచేసే ఫైర్‌మన్, రెండో మనిషి ఎల్‌వుడ్ యూయార్ట్ అనే ఆర్టిలరీ కెప్టెన్. ఆయన క్షేమంగా బయటపడ్డాక కూడా జబ్బుపడ్డవాళ్ళు లోపలే ఉన్నారని విని వెనక్కి వెళ్ళాడు, వాళ్ళని బయటికి పంపించాడు, ఆయన రాలేకపోయాడు. దాదాపు 70 ఏళ్ళ తర్వాత డైవర్లకి ఆయన అవశేషాలు కనిపించాయి, ఆ తర్వాత సొంత ఊరికి చేర్చారు.

కాబట్టి లోపల ఏదీ ముట్టుకోకండి, ఏదీ తెచ్చుకోకండి. చిన్న సీసా అయినా సరే.

అలలమీద:
రాగితీగ గారు, ఈ కథ మా ఆవిడకి చదివి వినిపించాను, చాలాసేపు ఏం మాట్లాడలేదు. థాంక్యూ.

ఇద్దరి మాటా వింటాను. డీప్ కోర్స్ అక్కడే చేస్తా, మొదటి మూడు రోజులు ముందు భాగం, ప్రొమెనేడ్ డెక్ అంతే. లేడీ సంగతి ఇన్‌స్ట్రక్టర్ నన్ను నీళ్ళలో చూశాకే, ఆయన కాదంటే కాదు, ఇంకోసారి వస్తాం. మలేరియా మందులు వేసుకోవాలా? చివరి డైవ్ బుధవారం పొద్దున, ఫ్లైట్ గురువారం మధ్యాహ్నం, గ్యాప్ సరిపోతుందా?

నీటిపిట్ట:
అక్కడ మలేరియా ఉంది, డాక్టర్‌ని అడగండి, అడిగేటప్పుడు డైవింగ్‌కి వెళ్తున్నానని తప్పకుండా చెప్పండి. మెఫ్లోక్విన్ లాంటి మలేరియా మందుకి తల తిరగడం, కంగారు లాంటివి రావచ్చు, నీళ్ళలో అది మందు వల్లా లోతు వల్లా అని తేల్చుకోలేం.

ఫ్లైట్‌కి గ్యాప్ 24 గంటలు దాటుతోంది, సరిపోతుంది. బుధవారం మధ్యాహ్నం ఇంకో డైవ్ వేద్దామా అని ఎవరైనా అడిగితే మాత్రం వద్దనండి.