ఫ్రీ క్యాంప్‌సైట్ పిన్ అందరికీ కనిపించేలా పెట్టడం తప్పా?

మట్టిరోడ్డు:
అమెరికాలోని యూటాలో బీఎల్ఎం (కేంద్ర ప్రభుత్వ భూములు చూసే సంస్థ) భూమి మీద టెంటు వేసుకోవడానికి నాకు దొరికిన ఒక చోటు ఫొటోలు, మ్యాప్ పిన్‌తో సహా నిన్న ఇక్కడ పెట్టాను. గంట తిరక్కుండానే ముగ్గురు తీసెయ్యమన్నారు. ఎందుకు తీయాలి? బీఎల్ఎం కింద దాదాపు 24.5 కోట్ల ఎకరాలు, ఫారెస్ట్ సర్వీస్ కింద ఇంకో 19.3 కోట్లు ఉన్నాయి, అదంతా ప్రజల భూమి. నేను మొదటిసారి బయల్దేరింది కూడా ఎవరో పెట్టిన పిన్ చూసే, అది లేకపోతే చీకట్లో ఎవరి పొలంలోకి బండి తోలుతున్నానో తెలియక టెన్షన్‌తో వెనక్కి తిరిగేవాణ్ణి. ముందొచ్చిన వాళ్ళు తెలుసుకున్నది తమలోనే దాచుకోవడం న్యాయం కాదు.

పైన్‌నీడ:
తీసెయ్యమన్న ముగ్గురిలో నేనొకదాన్ని. కోపంతో అనలేదండీ, బాధతో అన్నాను. మేము ఏటా వెళ్ళే ఏటి ఒడ్డున మొదట్లో ఒక్కటే రాళ్ళ పొయ్యి ఉండేది. ఎవరో దాన్ని యాప్‌లో పెట్టాక, రెండేళ్ళలో నేను లెక్కపెట్టినవి 11. ప్రతి పొద చాటునా టిష్యూలు. ఇప్పుడు ఆ దారికి అడ్డంగా బండరాళ్ళు పెట్టి మూసేశారు. కొలరాడోలో క్రెస్టెడ్ బ్యూట్ చుట్టుపక్కల కూడా జనం ఎక్కువై, 2021 నుంచి గుర్తుపెట్టిన సైట్లలోనే దిగాలన్నారు. ఇక యూటాలో నల్లగా, గరుగ్గా కనిపించే మట్టి పొర ఉంటుందే, అది ప్రాణమున్నది, దాని మీద ఒక్కసారి టైరు ఎక్కితే కోలుకోవడానికి ఏళ్ళకేళ్ళు పడుతుంది. పిన్ చూసి వచ్చేవాడికి ఇదంతా ఎవరు చెప్తారు?

మట్టిరోడ్డు:
చెత్త వేసినవాడి తప్పు పిన్ మీద వేస్తే ఎలా? నాలుగు చోట్లే తెలిస్తే అందరూ ఆ నాలుగింటికే పోతారు, 400 తెలిస్తే పలచబడతారు కదా.

పాతటెంటు:
పలచబడరు తమ్ముడూ, ఫొటో బాగున్న చోటికే పోతారు. నా మాటేంటంటే, పిన్ కాదు, వెతకడం నేర్పించండి. ఫారెస్ట్ సర్వీస్ వాళ్ళ ఎంవీయూఎం మ్యాప్, అంటే అడవిలో బండ్లు పోయే దారుల మ్యాప్, ఉచితం, ఏ రోడ్డు మీద బండి పోవచ్చో, ఏ రోడ్డు పక్కన దిగొచ్చో దాంట్లోనే ఉంటుంది, పక్కన చుక్కలున్న రోడ్లు చూసుకోండి. బీఎల్ఎం మ్యాపుల్లో పసుపు వాళ్ళది, ఆకుపచ్చ ఫారెస్ట్‌ది, తెలుపు ప్రైవేటు. రాష్ట్రాల భూమి వేరు, అరిజోనాలో స్టేట్ ట్రస్ట్ భూమి ఖాళీగానే కనిపిస్తుంది కానీ పర్మిట్ లేకుండా దిగకూడదు. చాలా చోట్ల 28 రోజుల్లో 14 రోజులే ఉండనిస్తారు. నీటికి 200 అడుగుల దూరంలో, ఇంతకుముందు ఎవరో దిగి గడ్డి పోయిన నేల మీదే టెంటు వేయండి. బయల్దేరే ముందు రేంజర్ ఆఫీసుకు ఒక్క ఫోన్ కొడితే మంటల నిషేధం ఉందో లేదో, రోడ్డు బురదగా ఉందో లేదో చెప్తారు, ఏ పిన్ అది చెప్పదు.

ఒంటరిబండి:
ఇవన్నీ నాకూ తెలుసండీ. అయినా పిన్ కావాలి. నేను ఒంటరిగా తిరిగే ఆడమనిషిని. సిగ్నల్ ఉందా, రాత్రి పక్కన ఇంకో బండి ఉంటుందా, చిన్న కారు వెనక్కి తిప్పుకోగలనా, ఇవి మ్యాప్ రంగుల్లో కనపడవు. పొద్దుపోయాక మూడు మట్టిరోడ్లు ఎక్కి దిగి వెతుక్కోమంటే నా వల్ల కాదు, నాలాంటి చాలామంది వల్ల కాదు.

పైన్‌నీడ:
మీరన్నది నేను ఆలోచించలేదు, నిజంగా. మీరు అడగండి, నాకు తెలిసిన చోట్లు మెసేజ్‌లో పంపిస్తాను. బహిరంగంగా మాత్రం పెట్టను.

ఒంటరిబండి:
థాంక్స్ అండీ. కానీ ఎవరినీ ఎరగని అమ్మాయి ఎవరిని అడుగుతుంది?

మట్టిరోడ్డు:
అదే నేనంటున్నది. ఆ ఏటి ఒడ్డు సంగతి విన్నాక మాత్రం మనసు ఒప్పుకోవట్లేదు, నా సైటు పక్కనే ఆ నల్ల మట్టి ఉంది, అందుకని ఆ ఒక్క పిన్ తీసేశాను. పెద్ద కంకర మైదానాలు, 20 బండ్లు ఆగినా ఏమీ కానివి, వాటి పిన్‌లు ఉంచుతున్నాను, సిగ్నల్, రోడ్డు వివరాలతో సహా. వాటికీ అభ్యంతరం ఉంటే ఏ చోటుకి ఎందుకో రాయండి.