అప్‌డేట్: తాయ్ చీ (మెల్లగా కదుల్తూ చేసే చైనా కసరత్తు) చేస్తుంటే మనసు నిలబడట్లేదని అడిగాను కదా
పోయిన నెల అడిగాను, 1956లో చైనావాళ్ళు కుదించిన ఆ 24 భంగిమల తాయ్ చీ వీడియో చూసి చేస్తున్నా, ఒళ్ళు కదుల్తోంది గానీ బుర్రంతా షాపు లెక్కలే అని. మీలో ఒకరు అవన్నీ ఆపేసి తాయ్ చీ నడక ఒక్కటే చెయ్యమన్నారు. మొదట చిరాకేసింది, నడక కూడా నేర్చుకోవాలా అని. సర్లే అని మా గుణుపురంలో వంశధార ఒడ్డున తెల్లారగట్ల మొదలెట్టా. బరువంతా ఎడంకాలి మీదకి తెచ్చాకే కుడికాలు లేపాలి, ముందు మడమ ఆనాలి, అప్పుడు మెల్లగా బరువు దింపాలి... చెప్పులిప్పేసి చేస్తే మడమ కింద ఇసక కుంగడం తెలుస్తోంది, ఆ కాసేపూ లెక్కలు గుర్తే రాలేదు. రోజూ అలా కుదరదులెండి, సంత రోజు అసలే కాదు. మోకాలు వేళ్ళు దాటి ముందుకి పోనిచ్చేవాణ్ణి, అది సరిచేసుకున్నాక నొప్పి కూడా తగ్గింది. మా ఆవిడ మాత్రం "ఏటండీ ఆ దొంగ అడుగులు" అని ఒకటే నవ్వు. ఇంతకీ ఆ 24 మళ్ళీ ఎప్పుడు మొదలెట్టమంటారు?