డీప్ పర్పుల్ కొత్త ఆల్బమ్ మా బాబాయికి ఎక్కేదెలా?

హార్డ్ రాక్ వినేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త సాయం చేయండి. మలక్‌పేటలో ఉండే మా బాబాయికి బ్రిటిష్ రాక్ బ్యాండ్ డీప్ పర్పుల్ అంటే ప్రాణం. 1972 నాటి 'మెషీన్ హెడ్' క్యాసెట్ ఇంకా దాచుకున్నారు. టేపు సాగిపోయి, గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు ఉంటుంది. అయినా అదే వింటారు.

మొన్న ఆదివారం 2024లో వచ్చిన 'ఈక్వల్స్ వన్' పెట్టాను. రెండో పాట పూర్తికాకుండానే "జాన్ లార్డ్ లేని ఆర్గన్ ఏం ఆర్గన్‌రా" అంటూ టీ పెట్టుకోవడానికి లేచిపోయారు. ఆర్గన్, కీబోర్డు వాయించిన లార్డ్ 2002లోనే బ్యాండ్ వదిలేశారు, 2012లో పోయారు కూడా! 2002 నుంచీ కీబోర్డు డాన్ ఎయిరీదే. పాడేది మాత్రం ఇప్పటికీ ఇయాన్ గిల్లానే.

నా చెవికి అసలు తేడా గిటార్‌లో ఉంది. 1994 నుంచి ఉన్న స్టీవ్ మోర్స్ 2022లో తప్పుకున్నాక సైమన్ మెక్‌బ్రైడ్ వచ్చాడు. మోర్స్ అల్లికలు పోయి రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) సూటిగా, బరువుగా పడుతోంది. నిజానికి ఇది పాత పద్ధతికే దగ్గర, కానీ ఆ మాట ఆయనకు చెప్పేదెవరు?

మధ్యలో ఏది వినిపించమంటారు? 1984 నాటి 'పర్ఫెక్ట్ స్ట్రేంజర్స్'ఆ, 1996 నాటి 'పర్పెండిక్యులర్'ఆ? 2013 నాటి 'నౌ వాట్' లార్డ్‌కే అంకితమిచ్చారు కదా, అక్కడ మొదలెడితే కరుగుతారా? లేక తప్పంతా కోఠి గుజరాతీ గల్లీలో నేను కొన్న ఐదొందల స్పీకర్‌దేనా?