ఒకే తొట్టెలో మూడు లెపర్డ్ గెకోలు: కలిపి ఉంచాలా, విడదీయాలా?

పానగల్లు (నల్లగొండ)

ఈ ఫోరంలో అందరికీ నమస్కారం. నా దగ్గర మూడు లెపర్డ్ గెకోలు, అంటే చిరుతలా మచ్చలుండే పెంపుడు బల్లులు, ఉన్నాయి. మూడడుగుల గాజు తొట్టె, కింద ఇసుక, ఒక మూల హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పరుపు), దాని మీద కుండపెంకుతో చేసిన గూడు ఒకటి. అమ్మినతను మూడూ ఆడవేననీ, కలిసి పెరిగినవి కనుక కలిపే ఉంచవచ్చనీ చెప్పాడు. ఎనిమిది నెలలు ఏ గొడవా లేదు. పగలంతా ఒకదాని మీద ఒకటి పడుకొని ఉంటే మా పాప ఎంత ప్రేమో చూడమని ఫోటోలు తీసి బంధువులందరికీ పంపేది.

నెల రోజులుగా అన్నింటికంటే చిన్నది తిండి దగ్గరికి రావడం లేదు. వేలంత లావున్న తోక పెన్సిలులా అయింది. కంసాలి దగ్గర ఉండే లాంటి చిన్న కాటా కొని తూచాను. చిన్నది 31 గ్రాములు, మిగిలినవి 68, 54. మూడింటి వయసూ ఒకటే. మందు వేయాలా, తిండి మార్చాలా?

పిల్లలమర్రి (మహబూబ్‌నగర్)

పానగల్లు గారూ, ఆ చిన్నదాన్ని ఈ రాత్రికే వేరే డబ్బాలోకి మార్చండి, మిగతా చర్చ తర్వాత. ప్లాస్టిక్ బియ్యం డబ్బా అయినా చాలు, పక్కలకు గాలి రంధ్రాలు పెట్టండి.

మీ తొట్టెలో వెచ్చటి చోటు ఒక్కటి, గూడు ఒక్కటి. బస్సులో ముగ్గురు ప్రయాణికులకు ఒకటే కిటికీ సీటు ఉన్నట్టు. ఒకదాని మీద ఒకటి పడుకునేది అందుకే. పైన ఉన్నది వేడిని కొట్టేస్తుంది, కింద ఉన్నది నలుగుతుంది. నేనూ రెండేళ్లు అది చూసి మురిసినవాణ్నే. ఒక రాత్రి పదకొండు దాటాక తొట్టెలో టపటపమని చప్పుడు వస్తే లైటు వేశాను. పెద్దది చిన్నదాని మెడ పట్టుకొని ఉంది. తెగిపోయిన తోక ఒక పక్కన, ఎవరికీ సంబంధం లేనట్టు దానంతట అదే ఎగిరెగిరి పడుతోంది. మా ఆవిడ ఆ గదిలోకి వారం రోజులు రాలేదు.

తోక మళ్లీ వచ్చింది. కానీ పాత గుండ్రటి కట్లు లేవు, ముల్లంగి గడ్డలా నున్నగా, పొట్టిగా ఉంది. వీటి కొవ్వు నిల్వ ఎక్కువగా తోకలోనే. తోక పోయిందంటే కొట్టులో ధాన్యం పోయినట్టే. మళ్లీ పుంజుకోవడానికి మాకు నాలుగు నెలలు పట్టింది.

దేవరకొండ కోట (దేవరకొండ)

పిల్లలమర్రి అన్న చెప్పింది నిజమే గానీ, కలిపితే ప్రళయమే అన్నట్టు మాట్లాడటం నాకు నచ్చదు. నా దగ్గర మూడు ఆడ గెకోలు నాలుగేళ్లుగా ఒకే తొట్టెలో ఉన్నాయి. తొట్టె నాలుగున్నర అడుగులు. వెచ్చటి వైపు మూడు గూళ్లు, చల్లటి వైపు మూడు గూళ్లు, కుబుసం సులువుగా ఊడటానికి తడి గూళ్లు రెండు, నీళ్ల గిన్నెలు రెండు. ఏది ఎక్కడికి వెళ్లినా ఇంకొకదాని మొహం చూడనక్కర్లేదు. తిండి ఒక్కొక్కదానికి పట్టకారుతో నేనే అందిస్తాను. ప్రతి ఆదివారం తూకం వేసి నోటుపుస్తకంలో రాస్తాను. రెండు వారాలు వరుసగా బరువు తగ్గితే ఆ గెకో ప్రశ్న లేకుండా విడి డబ్బాలోకి పోతుంది. ఆ డబ్బా ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. నాలుగేళ్లలో మూడుసార్లు పనికొచ్చింది.

పిల్లలమర్రి (మహబూబ్‌నగర్)

తమ్ముడూ, నువ్వు చెప్పిన ఆరు గూళ్లు, రెండు గిన్నెలు, పద్దు పుస్తకం కంటే మూడు విడి డబ్బాలే చవక కదా? పైగా నాలుగేళ్లలో మూడుసార్లు విడదీశానని నువ్వే రాశావు.

దేవరకొండ కోట (దేవరకొండ)

లెక్క బాగానే పట్టుకున్నావన్నా. నా తొట్టె మాత్రం విడగొట్టను. కొత్తవాళ్లకు కలపమని చెప్పను, అంతవరకు ఒప్పుకుంటాను.

సరళాసాగరం (వనపర్తి)

నేను పశువైద్యం చదువుతున్నాను, ఇంకా డాక్టరును కాలేదు. కాబట్టి దీన్ని సలహాగా తీసుకోండి, మందుల చీటీగా కాదు.

పానగల్లు గారూ, మూడూ ఆడవేనని మీరు స్వయంగా చూశారా? పారదర్శకంగా ఉండే మిఠాయి డబ్బాలో ఒక్కొక్కదాన్ని పెట్టి, డబ్బాను పైకెత్తి కింద నుంచి ఫోనుతో ఫోటో తీయండి. వెనక కాళ్ల మధ్య, మలద్వారానికి కొంచెం ముందు, తలకిందుల ‘వి’ ఆకారంలో చుక్కల వరుస కనిపిస్తుంది. మగదానికి ఆ చుక్కల్లో మైనం నిండినట్టు ప్రస్ఫుటంగా ఉంటుంది, దాని వెనక తోక మొదట్లో రెండు ఉబ్బులు ఉంటాయి. ఆడదానికి చుక్కలు వెలిసిపోయినట్టు ఉంటాయి, ఉబ్బులు ఉండవు. ఆరు నెలలు దాటితే సాధారణంగా తేలిపోతుంది. రెండు మగవి ఒకచోట ఉంటే ప్రాణాల మీదికి వస్తుంది. ఒక మగది, ఆడవి కలిసి ఉంటే అది ఆడవాటిని ఊపిరి తీసుకోనివ్వదు.

రెండో సంగతి. తోక సన్నబడటానికి తోటివాటి పెత్తనం ఒక్కటే కారణం కానక్కర్లేదు. క్రిప్టోస్పొరీడియం అనే పరాన్నజీవి సోకినా తోక ఇలాగే పుల్లలా అవుతుంది. అది బ్లీచింగ్‌కు లొంగదు, ఒకదాని రెట్ట నుంచి ఇంకొకదానికి పాకుతుంది. తాజా రెట్టను చిన్న డబ్బాలో వేసి, ఎండనివ్వకుండా, సరీసృపాలు చూసే వైద్యుడి దగ్గర పరీక్ష చేయించండి. ఫలితం వచ్చేదాకా చిన్నదాని పట్టకారు, గిన్నె, మీ చేతులు కూడా మిగతావాటికి తగలకూడదు. ముందు పెద్దవాటికి తిండి పెట్టండి, చివరికి చిన్నదాని దగ్గరికి వెళ్లండి, తర్వాత సబ్బుతో కడుక్కోండి. కొత్త గెకోను తెచ్చినప్పుడు రెండు మూడు నెలలు టిష్యూ కాగితం మీద విడిగా ఉంచమనేది కూడా ఇందుకే.

ఇంకొకటి. గుట్టల్లో దొరికిందని ఎవరైనా తెచ్చి అమ్మజూపితే ముట్టుకోవద్దు. కొన్నచోట బిల్లు అడగండి. అనుమతుల సంగతి అటవీ శాఖ కార్యాలయంలోనే కనుక్కోండి, దుకాణం మాట మీద ఉండవద్దు.

తవుడుబస్తా (మిర్యాలగూడ)

తిండి గురించి నేను రాస్తాను, అది నా పిచ్చి.

మిల్లుల ఊరు కదా అని మొదట గెకోలకు మేతగా వేసే మీల్‌వార్ములను బియ్యం తవుడులో పెంచాను. ఎండాకాలంలో పది రోజులకే నూనె కంపు కొట్టి, బూజు పట్టి, పురుగులన్నీ చచ్చాయి. ఆ కంపుకు ఇంటి ఓనరు పైకి వచ్చాడు. ఇప్పుడు గోధుమ పొట్టు, ఓట్స్ కలిపి వేస్తున్నాను, తడి కోసం క్యారెట్ ముక్క. ఏడాదిగా ఇబ్బంది లేదు. కీచురాళ్లు కూడా పెంచుతున్నాను గానీ అవి రాత్రంతా పాడతాయి, పడకగది పక్కన పెట్టవద్దు.

పురుగును తొట్టెలో వేసే ముందు రోజు దానికి మునగాకు, క్యారెట్, గుమ్మడికాయ తినిపించండి. పురుగు కడుపులో ఉన్నదే గెకో కడుపులోకి పోతుంది. వేసే ముందు కాల్షియం పొడిలో దొర్లించండి. డి3 విటమిన్ ఉన్న పొడి వారానికి ఒకటి రెండుసార్లు చాలు, మిగతా రోజుల్లో మామూలు కాల్షియం. పెద్దవాటికి రోజు విడిచి రోజు పెడితే సరిపోతుంది.

పత్తి చేలలో మిడతలు పట్టి వేయవద్దు, బతిమాలుతున్నాను. మన జిల్లాలో పత్తి మీద ఎన్ని మందులు కొడతారో అందరికీ తెలుసు. మా మేనల్లుడు సరదాగా రెండు మిడతలు వేశాడు. మరుసటి రోజు గెకో వణుకుతూ పడి ఉంది. బతికింది గానీ నాకు ఆ మూడు రోజులు నిద్ర లేదు. బత్తాయి తోటలో పట్టినవైనా అంతే.

తినకుండా మిగిలిన కీచురాళ్లను రాత్రికి తొట్టెలో వదలకండి. ఆకలేస్తే అవే గెకోను కొరుకుతాయి. నలిగిపోయిన చిన్నదాన్నే ముందు కొరుకుతాయి.

గద్వాల అంచు (గద్వాల)

నేను ఇంకా కొనలేదు, కొనాలనుకుంటున్నాను. మా అత్తగారికి బల్లి మీద పడితే ఏ భుజానికి ఏ ఫలమో కంఠోపాఠం. తొట్టెలో పెట్టుకొని పెంచితే ఆ శాస్త్రం వర్తిస్తుందా అని అడిగారు. ఏమని చెప్పను?

పిల్లలమర్రి (మహబూబ్‌నగర్)

వీటి వేళ్లకు అంటుకునే మెత్తలు లేవు, గోడ ఎక్కలేవు, కాబట్టి మీద పడే ప్రశ్నే లేదని చెప్పండి తల్లీ. పైగా మన ఇంటి బల్లికి రెప్పలు లేవు, వీటికి ఉన్నాయి. మా అమ్మకు అది కళ్లు మూసి తెరిచి చూపించాక ‘ఇది బల్లి కాదులే’ అని ఆమే తీర్పు ఇచ్చింది. ఒక మాట, పదిహేను ఇరవై ఏళ్లు బతుకుతాయి. అత్తగారితో ఆ సంగతి కూడా ముందే మాట్లాడుకోండి.

నాపరాయి (తాండూరు)

ఆ ఇసుక తీసేయండి పానగల్లు గారూ. ఇవి అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతంలో రాళ్లు, గట్టి మట్టి ఉన్న నేలల్లో బతికే జీవులు, ఇసుక తిన్నెల్లో కాదు. కాల్షియం తక్కువైన గెకో ఇసుక నాకుతుంది, పేగుల్లో గడ్డకడుతుంది. మా ఊళ్లో నాపరాళ్లకు కొదవ లేదు. పాలిష్ లేని వైపు పైకి వచ్చేలా తొట్టె కొలతకు కోయించుకోండి. వేడి నిలుపుకుంటుంది, గోళ్లు అరుగుతాయి, తడి గుడ్డతో తుడిస్తే శుభ్రం. రెండు రాళ్ల మధ్య సందు ఉంటే పురుగులు అక్కడే కాపురం పెడతాయి, సందు రానివ్వకండి.

ఇంకో విషయం. ఎక్కడ చూసినా వీటిని ఎలా వేడిగా ఉంచాలనే రాస్తారు. మనకు మార్చి నుంచి జూన్ దాకా సమస్య తిరగబడుతుంది. వెచ్చటి గూటిలో నేల 32, 33 డిగ్రీలు ఉండాలి, చల్లటి వైపు 25 దగ్గర ఉండాలి. మే నెలలో నల్లగొండలో బయట 44 ఉన్నప్పుడు చల్లటి వైపు అనేదే ఉండదు. అప్పుడు హీట్ మ్యాట్ తీసేయండి. తొట్టెను బల్ల మీద నుంచి దించి, ఇంట్లో అన్నింటికంటే లోపలి గదిలో నేల మీద పెట్టండి. కరెంటు పోతే గడ్డకట్టిన నీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి గాజుకు బయట ఆనించండి, లోపల కాదు. కూలర్ గాలి నేరుగా తగలనివ్వకండి. గది మూసి కూలర్ వేస్తే తేమ పెరిగి ముక్కు దగ్గర బుడగలు వస్తాయి, మాకు ఒకసారి వచ్చింది. చలికాలంలో మ్యాట్ మళ్లీ పెట్టండి, కానీ థర్మోస్టాట్ (వేడిని అదుపులో ఉంచే పరికరం) లేకుండా పెట్టవద్దు, పొట్ట కాలుతుంది.

పానగల్లు (నల్లగొండ)

మూడు వారాలు ఆగి రాస్తున్నాను. ఇందులో సిగ్గుపడే విషయం ఒకటి ఉంది.

మిఠాయి డబ్బా ఫోటో తీశాను. 68 గ్రాములది మగది. చుక్కలు స్పష్టంగా, సూది మొనతో పొడిచినట్టున్నాయి. ఎనిమిది నెలలు దానికి నేను ‘లక్ష్మి’ అని పేరు పెట్టి పిలిచాను. పాప ఇప్పుడు ‘లక్ష్మీపతి’ అంటోంది.

రెట్ట పరీక్షలో క్రిప్టో లేదు, నులిపురుగులు కొద్దిగా ఉన్నాయి, డాక్టరు బరువు చూసి మందు ఇచ్చారు. చిన్నదాన్ని విడిగా పెట్టిన నాలుగో రోజు మొదటిసారి మీల్‌వార్మ్ తిన్నది. మొదటి మూడు రోజులు ముట్టలేదు. గూటి ద్వారం దగ్గర తల బయటపెట్టి, పురుగును చూసి, వెనక్కి చూసి, మళ్లీ లోపలికి పోయేది. ఇంకా ఎవరో వచ్చి లాక్కుంటారన్నట్టు. నాలుగో రాత్రి లైటు ఆర్పి దూరంగా కూర్చున్నాను. తోక కొస పాములా అల్లాడించి ఒక్కసారిగా పట్టేసింది. ఇప్పుడు 36 గ్రాములు.

కాలి వేళ్లకు పాత కుబుసం దారంలా చుట్టుకొని ఉంది, అదీ గమనించలేదు నేను. తొట్టెలో తడి గూడు లేకపోవడమే కారణమట. మూతకు కంత పెట్టిన చిన్న డబ్బాలో తడి కొబ్బరి పొట్టు వేసి పెట్టాను. గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు నిలబెట్టి, చెవిలో పెట్టుకునే దూదిపుల్లతో మెల్లగా రుద్దితే ఊడింది. ఒక వేలి కొస మాత్రం అప్పటికే నల్లబడింది, అది పోతుందని డాక్టరు చెప్పారు.

పాత తొట్టెను గాజు దుకాణంలో మధ్యకు అడ్డం పెట్టించాను. మొదట గాజే పెట్టించాను. మగది పగలూ రాత్రీ ఆ గాజును గోకుతూ అవతలి ఆడదాన్ని చూస్తూ ఉండిపోయింది. పాత ఫ్లెక్సీ ముక్క అతికించాక శాంతించింది. చిన్నదానికి వేరే రెండున్నర అడుగుల తొట్టె వస్తోంది.

నిన్న ఉదయం రెండోదాని తడి గూటిలో రెండు తెల్లటి గుడ్లు కనిపించాయి. ఏం చేయాలి?

సరళాసాగరం (వనపర్తి)

పెద్ద తొట్టెలో కలిసి ఉన్నప్పుడే మగది దానితో జతకట్టి ఉంటుంది. మళ్లీ కలవకపోయినా ఈ సీజనులో ఇంకా గుడ్లు పెట్టవచ్చు, వీటి శరీరంలో వీర్యం నిలవ ఉంటుంది. ముందు తల్లి సంగతి చూడండి. కాల్షియం గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచండి, తిండి పెంచండి. పొట్టలో గుడ్లు కనిపిస్తూ తిండి మానేసి నీరసపడితే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

గుడ్లను తిప్పకుండా, పైన ఉన్న వైపు పెన్సిలుతో చుక్క పెట్టి, చీకట్లో ఫోను లైటు కింద చూడండి. గులాబీ రంగు వలయం, ఎర్రటి నరాలు కనిపిస్తే ప్రాణం ఉన్నట్టు. పొదిగే వేడిని బట్టి పిల్ల ఆడదా మగదా అన్నది తేలుతుంది. 26, 27 డిగ్రీలైతే ఎక్కువగా ఆడవి, 32, 33 అయితే ఎక్కువగా మగవి. గది వేడి మీద వదిలేస్తే ఈ ఎండలకు ఉడికిపోతాయి. పిల్లలు వద్దనుకుంటే ఇప్పుడే, మొదటి రోజుల్లోనే, డీప్ ఫ్రిజ్‌లో పెట్టేయండి. రెండు పిల్లలంటే ఇంకో రెండు తొట్టెలు.

పానగల్లు (నల్లగొండ)

లైటు కింద చూశాను. ఒకదాంట్లో పసుపు తప్ప ఏమీ లేదు. రెండోదాంట్లో గులాబీ వలయం ఉంది. పాప కూడా చూసింది, అదే పొరపాటు అయింది. ఒక్కదానికి తొట్టె ఎంతవుతుందో గాజు దుకాణంలో అడిగి వచ్చాను.

దేవరకొండ కోట (దేవరకొండ)

నా దగ్గర పాత రెండడుగులది ఖాళీగా ఉంది, ఒక మూల సీలు కారుతుంది గానీ గెకోకు నీళ్లు నింపరు కదా. ఆదివారం నల్లగొండ వస్తున్నాను, బస్‌స్టాండ్‌కు రండి.