కలాథియా ఆకుల అంచులు ఎండిపోతున్నాయి: లోపం నీళ్ళలోనా, గాలిలోనా?

ప్రశ్న (కిటికీ తోట, నల్గొండ)

నమస్కారం. క్రిందటి ఆషాఢంలో కడియం వెళ్ళినప్పుడు నెమలి పింఛం వంటి ఆకులను చూసి ముచ్చటపడి ఒక కలాథియా మకోయానా మొక్కను కొని తెచ్చుకున్నాను. తూర్పు కిటికీకి నాలుగడుగుల దూరంలో, పలుచటి తెర చాటున ఉంచాను. సంక్రాంతి వరకు చక్కగా ఉంది. రాత్రి కాగానే ఆకులన్నీ పైకి లేచి అడుగువైపు వంగపండు రంగును చూపేవి, తెల్లవారేసరికి మళ్ళీ విచ్చుకొనేవి. ఆ తరువాత ఆకుల కొసలు గోధుమరంగుకు తిరగడం మొదలైంది. ఎండిన భాగానికీ పచ్చని భాగానికీ నడుమ సన్నని పసుపు గీత ఉంటోంది. నీళ్ళు చాలడం లేదనుకొని రోజూ పోస్తూ వచ్చాను, దానితో కింది ఆకులు రెండు పూర్తిగా పసుపుబారాయి. కుండీ అంచున తెల్లటి పొర కూడా కట్టింది. మాకు బోరు నీళ్ళే ఆధారం. ఏం చేయమంటారు?

సమాధానం (నీడమొక్కలు, హైదరాబాదు)

ముందుగా రోజూ నీళ్ళు పోయడం మానండి. నీళ్ళు చాలనప్పుడు కలాథియా ఆకు గొట్టంలా చుట్టుకుంటుంది; మీ మొక్కకు అలా జరగలేదు. కొసలు మాడి, పక్కనే పసుపు గీత ఉండి, కుండీకి తెల్లపొర కట్టిందంటే నీటిలోని లవణాలను అనుమానించాలి. అందులోనూ మీది నల్గొండ. అక్కడి భూగర్భజలాలలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదన్నది మన ప్రమాణం, కాని కలాథియా, డ్రసీనా వంటి మొక్కలు అంతకన్నా తక్కువకే నొచ్చుకుంటాయి. వేరు పీల్చిన నీరు ఆకు అంచుల దాకా వెళ్ళి ఆవిరైపోతుంది, ఫ్లోరైడ్ మాత్రం అక్కడే మిగిలి రోజురోజుకూ పేరుకొంటుంది. అందుకే ముందు కొస మాడుతుంది. ఒక రాత్రి నిలవ ఉంచితే క్లోరిన్ పోతుంది గాని ఫ్లోరైడ్ పోదు. కాచితే నీరు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నంతో దానిని తీసే విధానానికి మీ ఊరి పేరే ఉంది, అయితే ఒక్క కుండీ కోసం అంత శ్రమ అక్కరలేదు. వాన నీరు గాని, ఆర్వో యంత్రం నుంచి వచ్చే తాగునీరు గాని పోయండి. సూపర్ ఫాస్ఫేట్ వేస్తుంటే ఆపండి, అందులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది.

సమాధానం (గోదావరి నర్సరీ, కడియం)

పై వారు చెప్పినది నిజమే కాని, గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మా దగ్గర కాలువల పక్కన, నీడవలల కింద పెరిగిన మొక్క మీ ఊరి మాఘమాసపు పొడిగాలిలోకి వచ్చింది. గాలిలో తేమ 50–60 శాతానికి తగ్గకుండా ఉంటే దీనికి హాయి. ఆకుల మీద నీళ్ళు చిలకరించడం మన తృప్తికే తప్ప మొక్కకు పెద్దగా ఒరిగేదేమీ లేదు, ఆ తడి కాసేపటికే ఆరిపోతుంది. నాలుగైదు మొక్కలను ఒకచోట చేర్చి పెట్టడం మేలు. పొడిగాలిలో ఆకుల రసం పీల్చే చిన్న పురుగు ఎర్రనల్లి త్వరగా వస్తుంది కాబట్టి ఆకు అడుగున తెల్లకాగితం పట్టి తట్టి చూడండి, కదిలే చుక్కలు రాలితే తడిగుడ్డతో తుడిచి వేపనూనె వాడండి.

ఇంకొక మాట. మేము వాడే కొబ్బరిపొట్టు తేమను చాలాసేపు పట్టి ఉంచుతుంది. మూసిన గదిలో రోజూ నీళ్ళు పోస్తే వేరు కుళ్ళడం ఖాయం. వేలిని రెండు కణుపుల దాకా మట్టిలోకి దించి చూసి, పైభాగం ఆరితేనే పోయాలి. కుండీ నుంచి మొక్కను తీసి చూడండి. నల్లగా, మెత్తగా అయిన వేళ్ళుంటే కత్తిరించి, మట్టిని గుల్లగా ఉంచేందుకు కలిపే తెల్లటి తేలిక గుళికలైన పెర్లైట్‌కు బదులు కడిగిన ముతక ఇసుకను కలిపి మళ్ళీ నాటండి, ఎందుకంటే పెర్లైట్‌లోనూ కొంత ఫ్లోరైడ్ ఉండవచ్చు.

కిటికీ తోట, నల్గొండ

ఇద్దరికీ ధన్యవాదాలు. తీసి చూశాను, వేళ్ళు చాలావరకు తెల్లగానే ఉన్నాయి. అయితే ఒక పొరపాటు చెప్పాలి. సంక్రాంతికే ఇంట్లో ఆర్వో పెట్టించాము. అది బయటికి వదిలే నీటిని పారబోయడం ఇష్టంలేక బకెట్లో పట్టి మొక్కలకు పోస్తున్నాను.

నీడమొక్కలు, హైదరాబాదు

తిథితో సహా దొరికిపోయింది! బోరు నీటిలో సగాన్ని వదిలే యంత్రమైతే, ఆ వదిలిన నీటిలో లవణాలు దాదాపు రెట్టింపు ఉంటాయి. దానిని స్నానాలగది కడగడానికి ఉంచండి. ఇప్పుడు కుండీ పరిమాణానికి రెండింతల మంచినీటిని నెమ్మదిగా పోసి, అడుగు రంధ్రాల నుంచి పూర్తిగా కారనివ్వండి. పళ్ళెంలో నిలిచిన నీటిని పారబోయండి. మాడిన కొసలు మళ్ళీ పచ్చబడవు, కాబట్టి వాటిని చూసి దిగులు పడకండి. మధ్యలో చుట్టగా పైకి వచ్చే కొత్త ఆకు విచ్చుకున్నాక దాని కొసను చూడండి.