జమ్మలమడుగులో పాత మిద్దె తీసి కొత్త ఇల్లు: ఫ్లైయాష్ ఇటుకలు వాడొచ్చా?

ప్రశ్న (జమ్మలమడుగు కోడలు):
మా మామగారి కాలం నాటి మిద్దె కారుతోంది. రాతి గోడలు, దూలాలు, పైన చౌడు మట్టి. పడగొట్టి కొత్తది కడుతున్నాం. నేలకు, నీళ్లకు భారం కాని ఇల్లు కావాలని నా కోరిక. ఆన్‌లైన్‌లో ఏది చూసినా 'గ్రీన్' అనే రాసుంది. మేస్త్రీనేమో ఫ్లైయాష్ ఇటుక, అదే బూడిద ఇటుక, పెళుసు, ఎర్ర ఇటుకే గట్టి అంటున్నాడు. ఏం చేయమంటారు?

ఎర్రగుంట్ల నుంచి:
మేం ఫ్లైయాష్‌తోనే కట్టాం. అన్నీ ఒకే సైజు కాబట్టి ప్లాస్టరింగ్‌కు సిమెంట్ తక్కువ పట్టింది. గోడకు మేకులు కొట్టకండి, డ్రిల్ వాడండి.

సైట్ ఇంజినీర్, కడప:
అక్కా, కొనే సంగతి తర్వాత. ముందు ఇంట్లో ఉన్నది లెక్కేసుకోండి. ఆ రాళ్లను ట్రాక్టర్ల లెక్కన అమ్మేయొద్దు, పునాదికి అవే వాడుకోండి. దూలాలు చెదలు పట్టకుండా ఉంటే కోయించి తలుపులు, కిటికీలు చేయించుకోండి. ఇన్నేళ్లు నిలిచిన సామాను చెత్తలో పోసి, 'గ్రీన్' ముద్ర ఉన్నది లారీలో తెప్పించుకోవడం నాకు అసలు మింగుడు పడదు. నేలకు కూడా అంతే. గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చే టైల్స్ బట్టీలో కాలినవి. మన కడప బండను కాల్చే పనే లేదు, కోసి నునుపు పడితే చాలు.

ఇటుకల మాటకొస్తే, ఎర్ర ఇటుకకు పొలం పైమట్టి తవ్వాలి, బట్టీ కాల్చాలి. ఫ్లైయాష్ ఇటుకకు వాడేది కలమల్ల ఆర్‌టీపీపీ (థర్మల్ విద్యుత్ కేంద్రం) లాంటి చోట్ల బొగ్గు కాలగా మిగిలిన బూడిద. దాన్ని కాల్చరు, నీళ్లతో తడుపుతూ గట్టిపరుస్తారు, అదే క్యూరింగ్. అది సరిగా చేయని లోడు మాత్రం పెళుసే, మీ మేస్త్రీ అలాంటివి చూసి ఉంటాడు. ఎండిన ఇటుకను తూచి, 24 గంటలు నానబెట్టి మళ్లీ తూచండి. 3 కిలోల ఇటుక 600 గ్రాముల కంటే ఎక్కువ నీళ్లు తాగితే ఆ లోడు వెనక్కి పంపండి.

సిమెంట్ పీపీసీ (బూడిద కలిపిన సిమెంట్) తీసుకోండి. సిమెంట్ తయారీకి సున్నపురాయి కాల్చాలి. 100 కిలోల సున్నపురాయి పూర్తిగా కాలితే రాయి నుంచే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది, బొగ్గు పొగ వేరే. పీపీసీలో 15 నుంచి 35 శాతం దాకా బూడిదే, ఆ మేరకు కాల్చిన సున్నపురాయి తగ్గినట్టే. గట్టిపడడం కొంచెం నెమ్మది, క్యూరింగ్ మాత్రం మానొద్దు.

అన్నిటికంటే పైకప్పు ముఖ్యం. ఒంటంతస్తు ఇంట్లోకి వేడి ఎక్కువగా దిగేది అక్కడి నుంచే. పాత మిద్దెలో ఆ మందపాటి మట్టే ఎండను ఆపేది. ఉత్త స్లాబ్ పగలంతా కాగి రాత్రి మీ మీద వదులుతుంది. పైన తెల్లటి కూల్ కోటింగ్ వేయించండి, కనీసం సున్నమైనా కొట్టించండి. గవాక్షి (వెలుతురు, గాలి కోసం పైకప్పులో వదిలే కంత) తప్పకుండా పెట్టుకోండి.

జమ్మలమడుగు కోడలు:
మా మిద్దె కారిందే గవాక్షి దగ్గర అన్నా.

సైట్ ఇంజినీర్, కడప:
చుట్టూ అడుగెత్తు గట్టు కట్టించి, దాని మీద అద్దం, పక్కన గాలికి జాలీ పెట్టించండి. జల్లు లోపల పడకుండా అద్దం గట్టు దాటి నాలుగైదు అంగుళాలు బయటికి ఉండాలి. స్లాబ్ పోసే రోజే ఆ గట్టు కూడా కలిపి పోయించండి, తర్వాత అతికిస్తే ఆ సందులోంచే కారుతుంది.